పెరట్లో 20 కిలోల పుల్ల చెర్రీలు, ఇంట్లో ఇద్దరూ లో-కార్బ్: కాపును ఎలా వాడుకోవాలి

మీరు చెప్పింది ఇదీ: అమెరికాలోని మిషిగన్‌లో ఇల్లు, పెరట్లో మాంట్‌మొరెన్సీ అనే పుల్ల చెర్రీ రకం చెట్టు, ఈ వారం దించిన కాపు 20 కిలోలు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఇద్దరూ షుగర్ వల్ల రోజుకు 50 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) దాటకుండా తింటున్నారు. కాయలు పారేయడానికి మనసొప్పడం లేదు, జామ్ చేద్దామంటే పంచదార అడ్డం.

ముందు లెక్క చూద్దాం. పుల్ల చెర్రీల గుజ్జు 100 గ్రాముల్లో కార్బ్స్ సుమారు 12.2 గ్రాములు, అందులో పీచు 1.6. అంటే పీచు తీసేసి మీరు లెక్క కట్టుకోవలసింది 10.6 గ్రాములు. బింగ్, రెయినియర్ లాంటి తియ్య చెర్రీల్లో ఇది 14 దాకా ఉంటుంది. 20 కిలోల్లో గింజలు, తొడిమలు, దెబ్బ తిన్నవి కలిపి 3 కిలోలు పోయాయనుకుంటే 17 కిలోల గుజ్జు మిగులుతుంది. మొత్తం కార్బ్స్ 1,800 గ్రాములు. మనిషికి రోజుకు 5.3 గ్రాములు చెర్రీలకు కేటాయించుకుంటే, అంటే తలా 50 గ్రాముల గుజ్జు, ఇద్దరికీ కలిపి 170 రోజులు వస్తుంది.

కాబట్టి ఈ కాపు ఈ నెలలో తిని తీర్చాల్సింది కాదు, ఆరు నెలలకు సరిపోయే సరుకు. ఉడికించినా, ఎండబెట్టినా, మిక్సీ పట్టినా అందులోని చక్కెర ఎక్కడికీ పోదు. నీరు మాత్రమే పోతుంది, చక్కెర చిక్కబడుతుంది. చెర్రీ గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ కదా అని చాలామంది దోసిళ్లతో తింటారు. ఆ సంఖ్య చక్కెర రక్తంలోకి ఎంత వేగంగా చేరుతుందో చెప్తుంది గానీ, మీరు ఎంత తిన్నారో చెప్పదు. పైగా చెర్రీల్లో సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ ఉంటుంది, ఒక్కసారి ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలు పట్టుకుంటాయి.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే, కార్బ్స్ తగ్గించిన సంగతి మీ డాక్టరుకు తెలిసి ఉండాలి. షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఎంపాగ్లిఫ్లోజిన్ కుటుంబం మందులకైతే లో-కార్బ్‌తో కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) ప్రమాదం కూడా ఉంది. ఇది అడగకుండా వదిలేయకండి.

కోసిన రోజు

చెర్రీ కోశాక పండదు, మెత్తబడుతుంది అంతే. పుల్ల చెర్రీలు ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి బాగుండవు, తియ్యవి వారం పైన ఉంటాయి. అందుకని మీ చేతిలో ఉన్న సమయం ఈ రెండు మూడు రోజులే. కడగకుండా, తొడిమలతోనే, లోతు లేని ట్రేల్లో పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. బకెట్‌లో నింపితే అడుగువి నలిగి రసం కారి పులుస్తాయి.

పురుగు సంగతి చూడాలి. డ్రోసోఫిలా సుజుకీ అనే ఈగ 2008లో కాలిఫోర్నియాలో కనబడింది, 2010కల్లా మిషిగన్ చేరింది. ఇది కుళ్లిన పండులో కాదు, పండుతున్న పండులోనే గుడ్లు పెడుతుంది. లీటరు నీళ్లలో 60 గ్రాముల ఉప్పు కరిగించి ఒక గుప్పెడు చెర్రీలు 20 నిమిషాలు వేయండి. తెల్లటి సన్నని పురుగులు బయటికొస్తే మొత్తం కాపునూ అలాగే ఉప్పునీళ్లలో వేసి, మంచినీళ్లలో రెండుసార్లు కడిగి వాడుకోవాలి. తిన్నా హాని లేదు గానీ, చూశాక ఎవరికీ నోటికి పోదు. తొడిమ దగ్గర రసం కారుతున్నవీ, వేలితో నొక్కితే జావగా ఉన్నవీ తీసేయండి.

గింజ తీయడానికి ముందు పండ్లు బాగా చల్లగా ఉండాలి. వెచ్చటి చెర్రీ నుంచి రసం ధారగా పోతుంది. పుల్ల చెర్రీ మెత్తన కాబట్టి పిట్టర్ (గింజ తీసే పరికరం) అక్కర్లేదు. పేపర్ క్లిప్‌ను సగం విప్పి తొడిమ వైపు నుంచి దూర్చి తిప్పితే గింజ వచ్చేస్తుంది. తియ్య చెర్రీలు గట్టిగా ఉంటాయి. వాటిని సీసా మూతి మీద పెట్టి చాప్‌స్టిక్‌తో పొడిస్తే గింజ సీసాలో పడుతుంది. చివర్లో గుజ్జంతా ఒకసారి వేళ్లతో తడమండి. యంత్రం వాడినా అక్కడక్కడ గింజలు మిగులుతాయి, పన్ను విరిగేది వాటితోనే.

ముప్పావు వంతు ఫ్రీజర్‌కు

17 కిలోల్లో 12, 13 కిలోలు నేరుగా ఫ్రీజర్‌లోకే వెళ్లాలి. గింజ తీసిన చెర్రీలను జల్లెడలో పావుగంట వార్చి, పార్చ్‌మెంట్ పేపర్ పరిచిన ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఐదారు గంటలు గడ్డ కట్టనివ్వండి. తర్వాత సంచుల్లోకి. వార్చకుండా వేస్తే అంతా ఒకే ముద్ద అవుతుంది, 50 గ్రాములు కావాలంటే సుత్తి పట్టుకోవాల్సి వస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కిలో కిలో సంచులు కట్టడం. లో-కార్బ్ ఇంట్లో సంచి అంటే కొలత కావాలి. జిప్‌లాక్ సంచుల్లో తూకం వేసి 100 గ్రాములే పెట్టండి. మీద తేదీ, "100 గ్రా, 10.6 కార్బ్స్" అని రాయండి. ఒక సంచి ఇద్దరికి ఒక రోజు కోటా. కరిగాక ఊరే రసంలోనూ చక్కెర ఉంది, సంచి మొత్తాన్ని లెక్కలోకి తీసుకోండి. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు నెలలు రుచి నిలుస్తుంది. రెయినియర్ లాంటి లేత రంగువి గోధుమరంగుకు తిరుగుతాయి. కిలోకు రెండు 500 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్లలు పొడి చేసి, మూడు చెంచాల నీళ్లలో కలిపి చల్లితే రంగు చాలావరకు నిలుస్తుంది.

చోటు చాలకపోతే గుజ్జు చేసి పెట్టండి. రెండు కిలోల చెర్రీలను వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్లు పోయకుండా సగానికి ఇగిరేదాకా ఉడికించి, ఐస్ ట్రేల్లో పోయాలి. 30 గ్రాముల బిళ్ల ఒక్కటి 60 గ్రాముల పండుతో సమానం, 6.4 కార్బ్స్. ఏ వంటకైనా ఇదే సూత్రం: వేసిన పండు కార్బ్స్‌ను చివరి తూకంతో భాగించాలి. ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె వద్దు. పులుపుకు లోహం కరిగి రంగు నల్లబడుతుంది, రుచిలో తుప్పు తగులుతుంది.

చెర్రీని పండుగా కాదు, పులుపుగా వాడండి

మన వంటకు ఈ చెర్రీ బాగా కుదిరేది ఇక్కడే. చింతపండు గుజ్జులో 100 గ్రాములకు 57 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి. లో-కార్బ్‌లో ఉన్నవాళ్లు అన్నం మానేసి, పులుసులో చింతపండును మాత్రం లెక్కలోకి తీసుకోరు. 20 గ్రాముల చింతపండు అంటే 11 గ్రాములకు పైనే. 100 గ్రాముల పుల్ల చెర్రీలూ దాదాపు అంతే. అంటే చింతపండు తీసేసి దాని చోట చెర్రీ వేస్తే, మీ రోజు లెక్కలో ఒక్క గ్రాము కూడా పెరగదు. కాపు ఖర్చవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

పులుపు మాత్రం చింతపండంత ఉండదు. ప్రతి 100 గ్రాముల చెర్రీకి అర నిమ్మకాయ రసం దింపేటప్పుడు పిండండి. తీపి కొంచెం బయటపడుతుంది కాబట్టి కారం, మెంతులు ఒక పాలు ఎక్కువ పడాలి.

చేపల పులుసుకు కొలత: అరకిలో ముక్కలకు 200 గ్రాముల చెర్రీలు, రెండు పచ్చిమిర్చి, ఒక చిన్న ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు టీస్పూన్ల కారం, పావు టీస్పూన్ మెంతిపొడి, మూడు టేబుల్‌స్పూన్ల నువ్వుల నూనె. తాలింపులో ఉల్లి వేగాక చెర్రీలు వేసి మూత పెట్టి పది నిమిషాలు మగ్గనివ్వాలి. గరిటెతో సగం మెదిపి, సగం అలాగే ఉంచాలి. కప్పున్నర నీళ్లు పోసి మరిగాక చేప ముక్కలు వేసి పది నిమిషాలు, గరిటె పెట్టకుండా గిన్నె కదుపుతూ ఉడికించాలి. దించి నిమ్మరసం. నలుగురికి వస్తుంది, చెర్రీల వంతు మనిషికి 5.3 గ్రాములు. పులుసు మర్నాటికి బాగుంటుందన్న మాట దీనికీ వర్తిస్తుంది.

పప్పులో వేస్తే పప్పు పూర్తిగా ఉడికాకే వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు బద్దలుగానే ఉండిపోతుంది. కందిపప్పే కార్బ్స్ ఎక్కువ గనక, పిడికెడు పప్పుకు పెద్ద కట్ట పాలకూర వేసి చేసుకోండి.

మాంసంతో చెర్రీ కొత్త సంగతేమీ కాదు. సిరియాలోని అలెప్పో నగరంలో పుల్ల చెర్రీల గుజ్జులో కీమా ఉండలు ఉడికించే వంటకం ఉంది, ఇరాన్‌లో పుల్ల చెర్రీల పలావు చేస్తారు. మన గోంగూర మాంసం తిన్న నాలుకకు అలెప్పో పద్ధతి వెంటనే నచ్చుతుంది. అరకిలో మటన్ కీమాలో టీస్పూన్ ఉప్పు, టీస్పూన్ మిరియాలపొడి, అర టీస్పూన్ గరం మసాలా కలిపి ఉసిరికాయంత ఉండలు చేయండి. రెండు టేబుల్‌స్పూన్ల నెయ్యిలో అన్ని వైపులా ఎర్రగా వేయించి తీసేయండి. అదే గిన్నెలో 300 గ్రాముల చెర్రీలు, దాల్చినచెక్క ముక్క, అర టీస్పూన్ కారం, అర కప్పు నీళ్లు వేసి, మెత్తబడ్డాక ఉండలు తిరిగి వేసి, రసం ఉండలకు పట్టేదాకా పన్నెండు పదిహేను నిమిషాలు. అక్కడ పంచదార వేసే అలవాటు ఉంది, మీకు అక్కర్లేదు. నలుగురికి, చెర్రీల వంతు తలా 8 గ్రాములు. ఉండలకు శనగపిండి, బ్రెడ్ పొడి కలపకండి. విడిపోతున్నాయంటే కీమా చల్లగా లేదని అర్థం. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చేయండి.

కాలీఫ్లవర్ తురుముతో పులిహోర కూడా బాగుంటుంది. తురుమును గుడ్డలో కట్టి నీరు పిండేసి, నూనెలో ఐదు నిమిషాలు వేయించి ఆరబెట్టాలి. ఈ పని వదిలేస్తే పులిహోర కాదు, ముద్దకూర అవుతుంది. 250 గ్రాముల తురుముకు 50 గ్రాముల చెర్రీలను ఇంగువ, ఆవాలు, ఎండుమిర్చి తాలింపులో ముద్దగా ఇగిర్చి కలపండి.

నిల్వ పచ్చడి

చెర్రీలో నీరు ఎక్కువ. ఆవకాయలా పచ్చిగా కలిపితే బూజు పడుతుంది. టమాటా పచ్చడిలా ఉడికించి చేసేదే సరైన పద్ధతి.

గింజ తీసిన పుల్ల చెర్రీలు ఒక కిలో, అర టీస్పూన్ పసుపు, 50 మిల్లీలీటర్ల నువ్వుల నూనె. వెడల్పాటి స్టీలు గిన్నెలో మొదట పెద్ద మంట మీద, రసం తగ్గాక సన్న మంట మీద 45 నిమిషాల నుంచి గంట. చివరి పావుగంట దగ్గరే నిలబడి కలపాలి. చక్కెర చిక్కబడే కొద్దీ అడుగంటుతుంది, ఒక్కసారి మాడితే చేదు పచ్చడంతా ఎక్కుతుంది. గరిటెతో గీస్తే గీత నిలవాలి, అంచుల వెంట నూనె తేలాలి. తూకం సుమారు 450 గ్రాములకు వస్తుంది. పూర్తిగా చల్లారాక 50 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల కారం, 15 గ్రాముల ఆవపిండి, వేయించి కొట్టిన మెంతిపిండి 8 గ్రాములు, రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం కలపండి. 150 మిల్లీలీటర్ల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, 20 గ్రాముల దంచిన వెల్లుల్లితో తాలింపు పెట్టి, అది కూడా చల్లారాకే పోయాలి. వేడి మీద కలిపితే ఆవపిండి చేదెక్కుతుంది.

కారం, వెల్లుల్లి, మెంతుల్లోని కార్బ్స్ కూడా కలుపుకుంటే మొత్తం 125 గ్రాములు, పచ్చడి తూకం దాదాపు 780 గ్రాములు. ఒక టేబుల్‌స్పూన్, అంటే 15 గ్రాములకు 2.4 కార్బ్స్. ఆమ్లెట్‌లోకి, వేయించిన పనీర్‌లోకి, కోడిగుడ్డు వేపుడులోకి చెంచా చాలు.

ఇది ఫ్రిజ్‌లోనే ఉండాలి. రెండు నెలలు బాగుంటుంది. అంతకు మించి కావాలంటే చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. దీన్ని మేసన్ జార్లలో (మూత బిగిసే గాజు సీసాల్లో) పోసి మరిగే నీళ్లలో క్యానింగ్ చేయడం, అంటే బయట నిల్వ ఉండేలా మూసిపెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నూనె, వెల్లుల్లి ఉన్న పదార్థానికి ఆ వేడి సరిగా అందదు. గాలి చొరని సీసాలో బొట్యులిజం అనే ప్రాణాంతక విషబాధ కలిగించే క్రిమి బతికితే వాసనలో, రుచిలో తెలియదు. తియ్య చెర్రీలతో చేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ, వాటి పులుపు సురక్షితమనే హద్దుకు దగ్గరగా ఉంటుంది.

క్యానింగ్ చేయాలని ఉంటే నీళ్లలో ఉత్త చెర్రీలే చేయండి, పంచదార లేకపోయినా సురక్షితమే. పంచదార రంగును, బిగువును కాపాడుతుంది గానీ భద్రతకు అవసరం లేదు. చెర్రీలు, నీళ్లు కలిపి మరిగించి వేడిగా జార్లలో నింపి, సముద్రమట్టానికి 1,000 అడుగుల లోపు ఊళ్లలో పింట్ జార్లు 15 నిమిషాలు, క్వార్ట్ జార్లు 20 నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచాలి.

జామ్ ఎందుకు గట్టిపడదు

జామ్‌ను గట్టిపరిచే పదార్థం పెక్టిన్. మామూలు పెక్టిన్ గడ్డకట్టాలంటే సగానికి పైగా పంచదార ఉండాలి. పంచదార బదులు స్వీటెనర్ వేసి ఎంత ఉడికించినా పానకంలాగే ఉంటుంది, గట్టిపడాలని ఇంకా మరిగిస్తే పండు మాడుతుంది. కాల్షియంతో గట్టిపడే లో-మెథాక్సిల్ పెక్టిన్ తీసుకోండి. అమెరికాలో పొమోనాస్ పేరుతో దొరుకుతుంది, కొలతలు డబ్బా మీద ఉంటాయి. లేదా చియా గింజలు: అరకిలో చెర్రీలు పది నిమిషాలు ఉడికించి మెదిపి, 30 గ్రాముల చియా కలిపి అరగంట వదిలేయాలి. టేబుల్‌స్పూన్‌కు 2 గ్రాములకు కాస్త పైన. పంచదార లేదు కాబట్టి వారం, పది రోజుల్లో వాడేయాలి.

స్వీటెనర్లలో ఎరిత్రిటాల్ వేడిలో కరిగి ఫ్రిజ్‌లో ఇసుకలా గడ్డకడుతుంది. జామ్‌కైనా ఐస్‌క్రీమ్‌కైనా అల్యులోజ్ మంచిది, ఐస్‌క్రీమ్‌ను మెత్తగా కూడా ఉంచుతుంది. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ అనే స్వీటెనర్‌ను గుమ్మం దాటి రానివ్వకండి, దానికి అది విషం. బాదంపిండి కేక్‌లో వంటసోడా వేస్తే చెర్రీల చుట్టూ నీలిబూడిద రంగు మచ్చలు వస్తాయి. క్షారం తగిలితే ఆ ఎర్ర రంగు నీలంగా మారుతుంది. బేకింగ్ పౌడర్ వాడండి.

చక్కెర నిజంగా పోయే దారి

ఒక్కటే ఉంది, పులియబెట్టడం. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా, తర్వాత గాలిలో బతికే బాక్టీరియా ఆ ఆల్కహాల్‌ను వినెగర్‌గా మారుస్తాయి. నలిగినవి, అందం చెడినవి మూడు కిలోలు దీనికి పెట్టుకోండి, కుళ్లినవి మాత్రం కాదు.

గింజ తీసి చేత్తో నలిపి ఐదారు లీటర్ల గాజు జాడీలో వేసి, వైన్ ఈస్ట్ ఒక గ్రాము చల్లి, గుడ్డ కట్టి, 20 నుంచి 24 డిగ్రీల గదిలో ఉంచండి. రోజుకు రెండుసార్లు పైకి తేలిన తొక్కలను లోపలికి ముంచాలి, లేకపోతే వాటి మీద బూజు వస్తుంది. వారం పది రోజులకు బుడగలు ఆగుతాయి. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే పరికరం) ఉంటే 1.000 దగ్గరికి రావాలి. వడకట్టితే రెండు లీటర్లకు అటూ ఇటూ వస్తుంది. అందులో బ్రాగ్ లాంటి వడకట్టని వినెగర్ అర లీటరు కలిపి, వెడల్పు మూతి జాడీలో గుడ్డ గట్టిగా బిగించి చీకట్లో రెండు మూడు నెలలు ఉంచాలి. మూత బిగిస్తే పని ఆగిపోతుంది, బాక్టీరియాకు గాలి కావాలి. పైన జిగురు పొర కడితే అదే వినెగర్ తల్లి, మంచి గుర్తు. పొడిగా, నూగులా పచ్చగానో నల్లగానో కనబడితే మొత్తం పారబోయండి. సార్బిటాల్ కొంత మిగులుతుంది, మిగతా చక్కెర దాదాపు పోతుంది. దోసకాయ, ఉల్లి సలాడ్‌లకు దీని రుచి వేరు. దీని ఘాటు ఎంతో కచ్చితంగా తేలదు కాబట్టి నిల్వ పచ్చళ్లకు వాడకండి. వాటికి కొట్లో దొరికే 5 శాతం వినెగరే ఉండాలి.

ఎండబెట్టడం మీ ఇంటికి కాదు. పండు నాలుగైదో వంతుకు తగ్గిపోయి గుప్పెడులో 20 గ్రాముల కార్బ్స్ దాక్కుంటాయి, చేయి ఆగదు. రసం కూడా అంతే, పీచు పోయి తీపే మిగులుతుంది. లో-కార్బ్ లేని స్నేహితులకు రెండు మూడు కిలోలు తాజాగానే పంచేయండి.

చివరిగా గింజలు. పొరపాటున ఒకటి మింగితే ఏమీ కాదు. కానీ పగలగొట్టి లోపలి పప్పును పొడి చేసి బాదం వాసన కోసం వాడమని కొన్ని పాత వంటల్లో కనబడుతుంది, అది చేయొద్దు. ఆ పప్పులో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంది, కడుపులో సయనైడ్‌గా విడిపోతుంది. అందుకే మిక్సీలో వేసే ముందు గింజ మిగిలిందేమో రెండోసారి తడమండి.